‘టెన్షన్ సార్’ అన్న మాటను విప్పడం ఎలా

కోచింగ్ అనగానే మన నల్గొండలో గడియారం సెంటర్ చుట్టుపక్కల గోడల మీది గ్రూప్స్, డీఎస్సీ పోస్టర్లే కళ్ళ ముందుకొస్తాయి. నేను చెప్పబోయేది ఆ కోచింగ్ గురించి కాదు. ఉద్యోగం చేస్తున్న ఒక మనిషి ఇంకొకరి ఎదురుగా కూర్చొని, తన పనిలో తానెక్కడ ఇరుక్కుపోయాడో మాట్లాడుతూ తానే తేల్చుకునే పద్ధతి గురించి. ఆ రెండో కుర్చీలో కూర్చునేది మీరు. మీరు శిక్షణ పొందిన కోచ్ కావచ్చు, కొత్తగా మేనేజరైన ఇంజనీరు కావచ్చు, పదిమంది టీచర్లను చూసుకునే హెడ్మాస్టరో, మహిళా సంఘాలను చూసుకునే సీసీనో (కమ్యూనిటీ కోఆర్డినేటరో) కావచ్చు. ఎవరైనా సరే, మొదటి పది నిమిషాల్లో మీ చెవిన పడే మాట ఒకటే: “టెన్షన్ సార్.”

టెన్షన్ అన్నది ఒక బాధ పేరు కాదు. అదొక గోనెసంచి. లోపల భయం ఉండొచ్చు, అవమానం ఉండొచ్చు, అలసట ఉండొచ్చు, ఎవరి మీదో కడుపుమంట ఉండొచ్చు. మూతి విప్పి చూడకుండా సలహా ఇచ్చారో, కాలు నొప్పికి కళ్ళజోడు రాసిచ్చినట్టే.

నేనూ రాసిచ్చాను. మొదట్లో దేవరకొండ వైపు నుంచి ఒక ఫీల్డ్ ఆఫీసర్ వచ్చాడు. అప్పుల కిస్తీలు వసూలు చేసే ఉద్యోగం. “టార్గెట్లు సార్, టెన్షన్” అన్నాడు. నేను పావుగంటలో తెల్లకాగితం మీద మూడు రంగుల పెన్నులతో వారం మొత్తానికి టైంటేబుల్ గీసిచ్చాను. “సరే సార్, మంచిగ చెప్పిన్రు” అని మడిచి జేబులో పెట్టుకొని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. చాలా రోజుల తర్వాత తెలిసిందేమంటే, ఆ వారం అతను కిస్తీ కోసం వెళ్ళిన ఒక ఇంటికి తాళం ఉంది. వాళ్ళు రాత్రికి రాత్రే ఊరు విడిచి పోయారు. అతనికి కావలసింది టైంటేబుల్ కాదు. తాను చేస్తున్న పని తనకే సయించడం లేదన్న మాట ఎవరితోనైనా చెప్పుకోవడం. ఆ మాటకు నేను చోటే ఇవ్వలేదు. అప్పటి నుంచి ఎవరైనా “సరే సార్” అంటే ఒప్పుకున్నట్టు లెక్కేసుకోను. వెళ్ళిపోవడానికి కూడా మనవాళ్ళు అదే మాట వాడతారు.

కూర్చునే ముందు

అద్దాల గోడలున్న క్యాబిన్ వద్దు. లోపల కళ్ళు తుడుచుకుంటే మధ్యాహ్నం క్యాంటీన్ టైముకు కథ తయారై ఉంటుంది. చాయ్ కొట్టూ పనికిరాదు. చిన్న ఊళ్ళలో పక్క బెంచీ మీద కూర్చున్నవాడు ఎవరికో ఒకరికి బామ్మర్ది వరస అయ్యే ఉంటాడు. స్టోర్ పక్కన ఖాళీ గదో, షిఫ్టు లేని వేళ శిక్షణ హాలో చూడండి. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా వేయండి. సిగ్గుపడే మనిషికి చూపు తిప్పుకునే దిక్కు ఉండాలి.

డబ్బు కంపెనీ కడుతున్నప్పుడు ఇక్కడి మాటలు ఎవరికి, ఎంతవరకు చేరతాయన్నది మొదటి ఐదు నిమిషాల్లోనే తేలాలి. నేనైతే ఇలా చెప్తాను: “ఎన్నిసార్లు కూర్చున్నాం, ఏ పని మీద మాట్లాడుకుంటున్నాం, ఇంతే మీ వాళ్ళకు చెప్తా. మీరన్న మాటలు చెప్పను. కానీ మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే ఊరుకోను. ముందు మీకు చెప్పి, ఆ తర్వాతే వేరేవాళ్ళను పిలుస్తా.” ఆ చివరి షరతు ముందే చెప్పాలి. దాచిపెట్టి అవసరమైనప్పుడు బయటికి తీస్తే అది నమ్మకద్రోహం.

ముందు ఒళ్ళు, తర్వాత మాట

మీటింగ్‌లో తిట్లు తిని నేరుగా మీ దగ్గరికొచ్చిన మనిషి చెవులతో వింటాడు గానీ ఏదీ లోపలికి పోదు. దానికి శరీరంలోనే కారణం ఉంది. భయం తగిలిన క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పనిచేస్తుంది: గుండె దడ, చెమట, నోరు ఎండడం. దాని వెనకాల కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ మెల్లగా పెరిగి, సుమారు 20 నుంచి 30 నిమిషాలకు గరిష్ఠానికి చేరుతుంది. అంటే గొడవ జరిగిన అరగంట దాకా ఆ ఒళ్ళు ఇంకా గొడవలోనే ఉంటుంది. వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త పిల్లులకు తిండి పెట్టి ఎక్స్‌రేలో కడుపును గమనించాడు. పిల్లి కలవరపడగానే కడుపులో కదలిక ఆగిపోయింది. ‘టెన్షన్ల ముద్ద దిగుతలేదు’ అని మనవాళ్ళు అనే మాటలో అతిశయోక్తి ఏమీ లేదన్నమాట. ‘పోరాడు లేదా పారిపో’ అన్న శరీరస్పందన గురించి 1915లో రాసింది కూడా ఈయనే.

కాబట్టి ఆ అరగంట సలహాల జోలికి పోకండి. “రిలాక్స్ అవ్వండి” అనకండి, ఆ మాటతో రిలాక్స్ అయిన మనిషిని నేనింతవరకు చూడలేదు. మంచినీళ్ళివ్వండి. పాదాలు రెండూ నేలకు ఆనించమనండి. మీరు కూడా చేస్తూ, నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలమనండి. పది సెకన్లకు ఒక శ్వాస, నిమిషానికి ఆరు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. అందుకే వదలడాన్ని పొడిగిస్తున్నాం, ఇందులో మంత్రం లేదు. ఐదు నిమిషాలు చాలు. కొందరికి ఊపిరి మీద ధ్యాస పెడితే గాబరా ఇంకా పెరుగుతుంది. వాళ్ళతో కాంపౌండు చుట్టూ రెండు రౌండ్లు నడవండి. పక్కపక్కన నడుస్తుంటే మొహం చూడాల్సిన పనిలేక కొందరికి మాట కూడా తొందరగా వస్తుంది.

ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే ఇవేవీ వద్దు. టెన్షనే అయ్యుంటుందని మీకు మీరే తేల్చేయకుండా దవాఖానకు తీసుకెళ్ళండి.

సంచి మూతి విప్పడం

ఒళ్ళు చల్లబడ్డాక అడగండి: “టెన్షన్ అంటే ఎట్లాంటి టెన్షన్?” మొదట “ఏం లేదు సార్, మామూలే” అని వస్తుంది. మన దగ్గర మొదటి ‘ఏం లేదు’ జవాబు కాదు, గడప బయట చెప్పులు విప్పుకోవడం. లోపలికి రావడానికి టైమివ్వండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది సెకన్లు మీకే కష్టంగా ఉంటాయి, ఏదో ఒకటి మాట్లాడేయాలని నాలుక పీకుతుంది. ఆగండి.

జడ్చర్ల వైపు మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. ముప్పై దాటిన మనిషి. అమ్మానాన్నలు పాలమూరు నుంచి బొంబాయి వలసపోయి, మట్టిపని చేసి చదివించారు. ఆడిట్ దగ్గర పడుతోంది. బ్యాచ్ రికార్డులో, అంటే ఒక విడత మందు ఎలా తయారైందో రాసే కాగితాల్లో, ఒక సంతకం తప్పిపోయింది. మొదటి పావుగంటంతా డీవియేషన్ (పద్ధతి తప్పిందని రాసిచ్చే నోటు), క్యూఏ (నాణ్యత చూసే విభాగం), మ్యాన్‌పవర్ అని పని మాటలే మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపూ ఐడీ కార్డు తాడును బొటనవేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. వేలి కొస తెల్లబడింది. చాయ్ మీద మీగడ కట్టింది, ముట్టుకోలేదు. నేను ఆడిట్ గురించి అడగడం మానేసి, “చెయ్యి ఊకుంటలేదు?” అన్నాను. తాడు వదిలేశాడు.

“టెన్షన్ సార్, ఇంకేముంటది.”

“బుగులా? రందా? యాష్టకొచ్చిందా? ఇవేవీ కాకపోతే మీ మాటే చెప్పండి.”

చాలాసేపు నేల చూశాడు.

“అయ్యేం కావు సార్. ఇజ్జత్ పోయింది. హెడ్ సారు లైన్ మీద అందరి ముంగట అరిసిండు. మా ఊరి పోరడు ఆడ ఆపరేటర్ ఉన్నడు, నేనే పెట్టిచ్చిన. ఆని ముంగట. ఈపాటికి మా ఊర్ల అందరికి ఎర్కయ్యుంటది.”

చూశారా, పావుగంట మాట్లాడిన ఆడిట్ పక్కకు పోయింది. నేను ఆడిట్‌కు చెక్‌లిస్టు చేయించి పంపిస్తే, దేవరకొండ టైంటేబుల్‌కు తోడు ఇంకో కాగితం అయ్యేది.

బాధకు సరైన పేరు పెడితేనే కొంత దిగుతుందనడానికి ప్రయోగాలున్నాయి. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. ఆ ఉద్వేగానికి మాటతో పేరు పెట్టినప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో స్పందన తగ్గింది. అయితే పేరు సరిపోవాలి. పుస్తకాల భాషలో ‘మీరు ఆందోళనకు గురవుతున్నారా’ అంటే మనిషి ఇంటర్వ్యూలో ఉన్నట్టు బిగుసుకుంటాడు. మన నల్గొండ, పాలమూరు నోళ్ళలో దీనికి ఎంత వివరమైన మాటలున్నాయో కూర్చొని రాసుకుంటే నాకే ఆశ్చర్యమేసింది. వీటిని ఇలా వాడండి.

బుగులు ముందుకు చూస్తుంది. ఇంకా జరగనిదాని మీది భయం అది. “ఏం జరుగుతదని బుగులు?” అని అడిగి, చివరిదాకా చెప్పించండి. సగంలో “ఏం కాదులే” అని అడ్డం పడొద్దు. తర్వాత, “నిజంగ అట్లనే అయితే, మొదటి గంటల ఏం చేస్తరు?” అనండి. బుగులుకు ప్లాను పనికొస్తుంది.

రందికి ప్లాను పనికిరాదు. అది చేజారినదాని చుట్టే తిరుగుతుంది: రావలసిన ప్రమోషన్ రాకపోవడం, బదిలీతో భార్యాపిల్లలు గద్వాలలో, తాను సూర్యాపేటలో ఉండిపోవడం. ముదిరితే అదే మనాది, మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. రంది ఉన్నవాళ్ళ దగ్గర మీ పని వినడమే. పోయినది ఎంత విలువైనదో వాళ్ళనే చెప్పనివ్వండి.

యాష్ట అంటే వట్టి అలసట కాదు, అలసటతో పాటు ఆ పనంటేనే వెగటు. ఉద్యోగంలో పుట్టే బర్న్‌అవుట్‌ను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు గుర్తులతో చెప్పింది: శక్తి ఉడిగిపోవడం, పని నుంచి మనసు దూరం కావడం, చేతనైన పని కూడా చేతకానట్టు అనిపించడం. అదొక జబ్బు కాదని, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అని కూడా చెప్పింది. ‘యాష్టకొచ్చింది’ అన్న ఒక్క ముక్కలో ఈ మూడూ ఉన్నాయి. ఇలాంటి వాళ్ళకు ఉత్సాహపరిచే మాటలు చెప్పకండి, అవి ఇంకా యాష్ట తెప్పిస్తాయి. ఎన్ని రోజులైంది సెలవు పెట్టక? ఆ పనిలో ఇప్పటికీ బాగనిపించే ముక్క ఏదైనా మిగిలుందా? అక్కడ మొదలుపెట్టండి.

కడుపుమంటలో ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉంటుంది. “ఇందుల ఏది న్యాయంగ లేదు?” అని అడిగితే అది బయటికొస్తుంది. కోపం తగ్గించే చిట్కాలతో మొదలుపెడితే, మీరు కూడా అవతలి పక్షమే అనుకుంటాడు.

ఇజ్జత్ విషయంలో అడగాల్సింది “ఎవరి ముందు?” అని. అవమానం ఎప్పుడూ ఎవరో ఒకరి కళ్ళల్లో జరుగుతుంది. ఆ కళ్ళు ఎవరివో తెలిస్తే దారి తెలుస్తుంది. దీన్ని పదిమందిలో ఎప్పుడూ కదపొద్దు.

‘ఆగమాగం అయితున్న’ అంటే మాత్రం మాటల దగ్గర ఆగకండి. ఒళ్ళింకా కుదుటపడలేదు. మళ్ళీ నీళ్ళు, ఊపిరి, నడక.

ఇదేదో నేను కనిపెట్టిన విభజన కాదు. రిచర్డ్ లాజరస్ అనే మనస్తత్వవేత్త 1991లో ఒక్కో ఉద్వేగానికి ఒక్కో మూలకథ ఉంటుందన్నాడు: దిగులుకు తిరిగిరాని నష్టం, ఆందోళనకు ఎటు నుంచి వస్తుందో తెలియని ముప్పు, కోపానికి తనకో తనవాళ్ళకో జరిగిన అవమానకరమైన అపచారం, సిగ్గుకు తాను ఎలా ఉండాలనుకున్నాడో అలా లేకపోవడం. ఆయన బుగులు, రంది అన్న మాటలు విని ఉండడు గానీ మన అవ్వలు ఆ కథలకు ఎప్పుడో పేర్లు పెట్టేశారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, మీకు నచ్చిన పేరు అతని నోట్లో పెట్టొద్దు. రెండు మూడు మాటలు ముందు పెట్టి, ‘ఇవి కాకపోతే మీ మాట’ అనడం మరిచిపోవద్దు. రెండోది, ఎదుటి మనిషి ఇంట్లో లంబాడీయో ఉర్దూయో మాట్లాడుతుండొచ్చు. “మీ ఇంట్ల దీన్ని ఏమంటరు?” అని అడగండి. ఆ మాట మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. అర్థం కావాల్సింది అతనికి. తర్వాత మీకు విడమరిచి చెప్తున్నప్పుడు అతనికే ఇంకొంచెం తేటపడుతుంది. ఇంకా, ‘ఎందుకు’ అన్న ప్రశ్న వీలైనంత తగ్గించండి. “ఎందుకట్ల చేసిన్రు” అంటే మన చెవులకు అది పంచాయతీలో నిలబెట్టి అడిగినట్టుంటుంది. “ఏమైంది”, “ఎట్లయింది” అంటే చాలు.

రెండు లెక్కలు

పేరు దొరికాక కాగితం తీయండి. లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ కలిసి 1984లో చెప్పినదాని సారం ఇది: ఒత్తిడి బయటి సంఘటనలో మాత్రమే ఉండదు, మనిషి మనసులో వేసుకునే రెండు లెక్కల్లో ఉంటుంది. ఇందులో నాకేం పోతుంది? దీనికి నా చేతిలో ఏముంది? మొదటిది పెద్దదై రెండోది చిన్నదైనప్పుడు ఒళ్ళు అలారం కొడుతుంది. ఎడమవైపు పోయేవి, కుడివైపు చేతిలో ఉన్నవి రాయించండి. మీరు రాయొద్దు, అతనితోనే రాయించండి.

మన ఇన్‌ఛార్జి ఎడమవైపు నాలుగు రాశాడు: సంతకం, ఆడిట్, హెడ్ సారు నోరు, ఊరు. కుడివైపు చాలాసేపు ఖాళీగా ఉంది. తర్వాత ‘డీవియేషన్ ఇయాల్నే రాస్త’ అని రాశాడు. దాంతో మొదటి రెండూ కాస్త చిన్నబోయాయి. హెడ్ సారు నోరు తన చేతిలో లేదు, కానీ అడగడం చేతిలో ఉంది. ఏమని అడగాలో అక్కడే తయారుచేశాం: “సార్, నా తప్పుంటే క్యాబిన్‌కు పిలిచి ఎంతన్నా అనండి. లైన్ మీద వద్దు. రేపు నా మాట వాళ్ళు వినరు.” ఏడుసార్లు అనిపించాను. మొదటి మూడుసార్లు గొంతు పెగల్లేదు. నాలుగోసారి కొట్లాటకు పోతున్నట్టొచ్చింది. ఏడోసారికి మామూలు మాటలా వచ్చింది. ఈ అనిపించడం వదిలేయకండి. కాగితం మీద ఎంత బాగున్న వాక్యమైనా నోట్లో ఒకసారి తిరగకపోతే ఆ గదిలోకి పోగానే మాయమవుతుంది.

రెండు వారాల తర్వాత వచ్చి చెప్పాడు. హెడ్ సారు క్షమాపణేమీ చెప్పలేదు, “సరే పో” అన్నాడట. మళ్ళీ మాత్రం లైన్ మీద అరవలేదట. ఇక ఊరి సంగతి. ఆ పోరణ్ణి తానే పిలిచి అడిగితే, “నేనెవ్వరికి చెప్పలే అన్నా, నాగ్గూడ బాధైంది” అన్నాడట. పదిహేను రోజులు నిద్ర పోగొట్టుకున్నది ఎవరూ చెప్పుకోని మాట కోసం.

అన్నిసార్లూ ఇలా కాదు. కుడివైపు గడి ఖాళీగానే ఉండిపోయే ఉద్యోగాలున్నాయి. రాబర్ట్ కరాసెక్ 1979లో చూపించింది ఇదే: పని భారం ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలన్న నిర్ణయం చేతిలో లేనప్పుడు మనిషి మీద పడే ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ. ముగ్గురు చేయాల్సిన షిఫ్టును ఇద్దరితో నడిపిస్తూ, ఆ ఇద్దరికీ ఊపిరి పీల్చడం నేర్పమని నన్ను పిలిచిన వాళ్ళున్నారు. అలాంటప్పుడు నేను పిలిచినవాళ్ళ దగ్గరికే వెళ్ళి చెప్తాను, మీకు కోచ్ అవసరం లేదు, మూడో మనిషి అవసరం అని. ఒక ఫీజు పోతుంది. పోనీ. ఒత్తిడి మొత్తం మనిషి బుర్రలోనే ఉందని చెప్పే కోచింగ్ మీద నాకు గౌరవం లేదు.

మీ ఒళ్ళు సంగతి

ఎదుటివాళ్ళ దుఃఖం మీకూ తగులుతుంది. తగలనట్టు మొహం పెట్టడం వృత్తిధర్మం అనుకుంటారు చాలామంది. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ 1993లో చేసిన ప్రయోగంలో, జుగుప్స కలిగించే సినిమా చూస్తూ ఆ భావం మొహంలో కనపడనీయకుండా దాచుకున్నవాళ్ళకు లోపల అనుభూతేమీ తగ్గలేదు, శరీరంలో ఒత్తిడి గుర్తులు కొన్ని మాత్రం పెరిగాయి. 2003లో గ్రాస్ కూడా ఉన్న ఇంకో బృందం ఇంకో సంగతి చూపించింది: మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరు భావాలు అణచుకుంటే, ఆ సంగతి తెలియని రెండో మనిషి రక్తపోటు కూడా పెరిగింది. అంటే మీ రాయిలాంటి మొహం ఎదుటివాళ్ళ బీపీ పెంచుతుంది.

అలాగని మీరూ కూర్చొని ఏడవమని కాదు. “ఇది వింటుంటే నాకూ బరువైంది, ఒక్క నిమిషం” అనండి, అంతే. “నాకు కూడా అట్లనే అయింది” అని మీ కథ మాత్రం ఎత్తుకోకండి. అది ఎత్తుకున్న క్షణం నుంచి ఎదుటి మనిషి మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతాడు.

ఎక్కడ చేయి వదలాలి

రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్రా తిండీ చెదిరిపోవడం, మద్యం రోజూ కావలసి రావడం, ‘నేను లేకుంటేనే నయం’ లాంటి మాట రావడం. వీటిలో ఏది కనిపించినా అది కోచింగ్ పరిధి దాటింది. చివరి మాట వినపడితే చాటు మాటలొద్దు, సూటిగా అడగండి: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అడిగితే ఆ ఆలోచన లేనివాళ్ళకు కూడా పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లోవాళ్ళలో ఎవరిని పిలవాలో అతన్నే అడిగి పిలవండి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఫోన్ నుంచే, మీ ముందే చేయించండి. నల్గొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యం ఉంది. హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు.

“పిచ్చి డాక్టర్ దగ్గరికా?” అంటారు. వాదించకండి. “నిద్ర డాక్టర్ అనుకోండి. ముందు నిద్ర వస్తె మిగతాది చూద్దాం” అంటే చాలామంది కదులుతారు. అది అబద్ధమూ కాదు.

మనిషి వెళ్ళిపోయాక వెంటనే ఇంకొకర్ని పిలవకండి. నోటుబుక్కులో మూడు ముక్కలు రాసుకోండి: బాధకు అతను వాడిన మాట అతని యాసలోనే, మాట్లాడుతున్నప్పుడు మీ ఒంట్లో ఏమైందో, ఈసారి కలిసేలోపు అతను చేస్తానన్న ఒక్క పని. పేరు రాయొద్దు, షిఫ్టు వివరాలు రాయొద్దు. పుస్తకం ఎక్కడైనా మరిచిపోవచ్చు. తర్వాతిసారి కూర్చున్నప్పుడు ‘టెన్షన్ ఎట్లుంది’ అని కాకుండా, అతను వాడిన ఆ మాటతోనే మొదలుపెట్టండి: “ఆ ఇజ్జత్ సంగతి ఏమైంది?”